తిత్లీ గాలికి జీబ్రా బ్లైండ్ ఆగుతుందా?

రీల్స్‌లో కనిపించే ఇళ్లకు కిటికీ తలుపులే ఉండవు. ఆ మూల నుంచి ఈ మూలకు ఒకటే అద్దం, లోపల లేత బూడిద రంగు జీబ్రా బ్లైండ్. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. సోంపేట దగ్గర మా ఊళ్లో ఇల్లు కడుతున్న మా తమ్ముడి ఫోన్ నిండా అవే స్క్రీన్‌షాట్లు. "తలుపులు పెట్టిస్తే పాతకాలం ఇల్లులా ఉంటాదక్కా, బ్లైండ్స్ చాలు" అన్నాడు. పక్కనే చెక్క చిత్రిక పడుతున్న వడ్రంగి తలెత్తకుండానే అన్నాడు: "కిటికీకి కోక కడితే గాలాగుద్దేటి బావూ?"

అసలు షట్టర్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది కొట్టు ముందు గరగరమని లాగే ఇనుప రేకు. నేను చెప్పేది దాని గురించి కాదు. అద్దానికి బయటి వైపు ఉండే గట్టి తలుపు. అమ్మమ్మల ఇళ్లలో పైన రెండు, కింద రెండు రెక్కలుండేవి చూడండి, అవే. బ్లైండేమో అద్దానికి లోపల వేలాడుతుంది. ఒకటి బయట, ఒకటి లోపల. షాపులో ఇది ఎవరూ చెప్పరు. రంగు అడుగుతారు, చదరపు అడుగు లెక్క చెబుతారు, అంతే.

మనకు ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మన తీరానికి అక్టోబర్ అంటే దసరా ఒక్కటే కాదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో మళ్లీ అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టి విజయనగరాన్నీ శ్రీకాకుళాన్నీ ఊపేసింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా లేచిపోయిన సంగతి మా వైపు ఎవరినడిగినా చెబుతారు.

గంటకు 150 కిలోమీటర్ల గాలి నాలుగడుగుల నలుచదరపు కిటికీకి ఎదురుగా తగిలితే, దాని మీద పడే ఒత్తిడి ఇంచుమించు 150 కిలోలకు పైనే. ఇద్దరు పెద్దవాళ్లు అద్దం మీద వాలి తోస్తున్నట్టే. ఇక ఎగిరొచ్చే పెంకు, రేకు ముక్క, కొబ్బరి మట్ట సంగతి వేరే. మన దేశపు కట్టడాల ప్రమాణాల్లో విశాఖకు లెక్కలోకి తీసుకునే గాలి వేగమే సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అద్దం పగిలిందా, గాలి లోపలికి దూరి పైకప్పును కిందనుంచి ఎత్తుతుంది. రేకుల ఇళ్లూ పెంకుటిళ్లూ పోయేది చాలాసార్లు ఇలాగే. బ్లైండ్ ఈ లెక్కలోకే రాదు. అద్దం మీద టేపుతో ఇంటూ గుర్తు అంటిస్తే ఆగుతుందనే వీడియోలు కూడా నమ్మకండి. టేపుతో అద్దానికి బలం రాదు.

ఇంకో సంగతి. తుపాను మన ఊరి మీదుగానే దాటితే గాలి ముందు ఉత్తరం, ఈశాన్యం వైపు నుంచి కొడుతుంది. కన్ను దాటేటప్పుడు కాసేపు నిశ్శబ్దం. అయిపోయిందనుకుని తలుపు తీస్తే, ఈసారి నైరుతి నుంచి. కాబట్టి సముద్రం వైపు కిటికీలకే తలుపులు పెడతామంటే సగం పనే అయినట్టు. మన పాత చుట్టిళ్లు గుండ్రంగా, కిటికీలు పెద్దగా లేకుండా ఎందుకుండేవో దీన్నిబట్టి అర్థమవుతుంది. అమెరికాలో 1992 నాటి ఆండ్రూ హరికేన్ తర్వాత దక్షిణ ఫ్లోరిడాలో కొత్త ఇళ్లకు తుపాను షట్టర్లైనా, దెబ్బ తట్టుకునే అద్దాలైనా ఉండాల్సిందేనని నిబంధన తెచ్చారు. జపాన్‌లో అయితే కిటికీ బయట వాన తలుపులు తరతరాలుగా ఉన్నాయి.

మరి అన్ని కిటికీలకూ టేకు తలుపులు పెట్టాలంటే డబ్బులెక్కడివి? మా ఇంట్లో గొడవ తెగింది ఇక్కడే. తుపాను రాత్రి అందరూ కూర్చునే గది ఒకటుంటుంది కదా, ఆ గదిలో ఉన్న కిటికీలన్నిటికీ, ఏ దిక్కువైనా సరే, బయట చెక్క తలుపులు. మిగతా చోట్ల తర్వాత చూసుకోవచ్చు. తలుపులు బయటికి తెరుచుకునేవైతే మేలు. ఎదురుగాలి వాటిని చట్రానికే అదిమిపెడుతుంది. కానీ గాలి వెనక్కి లాగే వైపు గడియే దిక్కు, అందుకే పైనా కిందా రెండు గడియలుండాలి. దోమల మెష్ మాత్రం బిగించేయొద్దు. పక్కకు జరిగేలా ఉంచుకోండి, లేకపోతే ఊచల్లోంచి చెయ్యి పెట్టి తలుపు లాగలేరు. బందులు, కొక్కేలు ఇత్తడివి గానీ స్టీలువి గానీ. కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుము తుప్పు పట్టి, సరిగ్గా మూయాల్సిన రాత్రే బిగుసుకుపోతుంది.

తుపాను తర్వాతి రోజులు కూడా లెక్కలోకి రావాలి. తిత్లీ తర్వాత మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. పలకలు వాలుగా పేర్చిన తలుపైతే మూసినా గాలి వస్తుంది, వాన జల్లు రాదు. ఏసీని నమ్ముకున్న అద్దాల గది ఆ రోజుల్లో పొయ్యే.

బ్లైండ్స్ దండగ అంటానా? అనను. ఏడాదిలో తుపాను రాత్రులు ఒకటో రెండో, ఎండ మధ్యాహ్నాలు వందలు. అయితే ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక బ్లైండ్ వెలుగును ఆపగలదు గానీ, వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. దక్షిణం వైపు కిటికీకి పైన సన్‌షేడ్ ఉంటే చాలావరకు సరిపోతుంది. సాయంత్రం పడమటి ఎండ మాత్రం దాని కిందనుంచి దూరిపోతుంది. అక్కడ మేదరులు అల్లే వెదురు తడక బయట వేలాడదీస్తే చౌకలో పనవుతుంది, తుపాను హెచ్చరిక రాగానే చుట్టి లోపల పెట్టేయొచ్చు. వట్టివేళ్ల తడిక తడిపితే చల్లదనం బాగుంటుంది కానీ, అది పొడిగాలి ఉన్న చోట. మన తీరంలో గాలిలోనే తేమెక్కువ, నీళ్లు అంత తొందరగా ఆరవు.

చివరికి మా తమ్ముడికి జీబ్రా బ్లైండ్ దక్కింది, హాల్లో టీవీ ఎదురు కిటికీకి. తాడు లేనిదే కొనమన్నాను, ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉంది. వేలాడే తాడు పసిపిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం నిజమైనదే.

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో అద్దె ఫ్లాట్‌లో ఉంటే మీకు పెద్దగా ఎంచుకునేది ఉండదు. ఓనర్ గోడ బయట తలుపు పెట్టనివ్వరు. తేలికపాటి రోలర్ బ్లైండ్ కొనుక్కోండి, ఇల్లు మారితే ఊడదీసుకుని పోవచ్చు. వెడల్పును పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి తక్కువొచ్చిన కొలతే షాపులో చెప్పండి, మన కిటికీ చట్రాలు నూటికి నూరుపాళ్లు సమంగా ఉండవు. తుపాను రాత్రి మాత్రం పక్క అద్దం దగ్గర్నుంచి తీసేసి, కిటికీలు లేని లోపలి గదిలోనో, నడవాలోనో పరుచుకోండి.