తడిసిన ధాన్యము - కంటికి కనబడని విషము

కార్తీకమాసములో సార్వా కోతలు సాగుచుండగా తుపాను వచ్చి, పనలు చేనిలోనే నానిపోవుట డెల్టా రైతులకు కొత్త కాదు. అట్టి ధాన్యమును ఆరీ ఆరకముందే గాదెకెత్తినచో లోలోపల వేడెక్కి, ముక్కవాసన పట్టి, బూజు కమ్మును. గింజ రంగు మారుట, ధర తగ్గుట మీకు తెలిసిన నష్టములే. తెలియని నష్టము వేరొకటి కలదు.

ఈ బూజులలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనునది అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1974లో రాజస్థానములోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలలో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని, కామెర్లు సోకి నూరుమందికి పైగా మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు దీనిని పరిశోధించిరి. వరిలో విషము సాధారణముగా అంత మోతాదునకు చేరదు. కాని మనము పూటపూటకు తినునది అన్నమే గదా! కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి ఒంటికి చేరినను కాలేయమునకు ముప్పే. కాలేయపు క్యాన్సరునకు ఇది ఒక కారణమని రూఢియైనది.

"బూజు దులిపి ఎండబెట్టితిమి, ఇంక భయమేమి?" అని కొందరందురు. బూజు పోవును గాని, గింజలోనికి దిగిన విషము పోదు. అన్నము వండినను నశింపదు. మర పట్టినచో విషములో ఎక్కువ భాగము తౌడులోనికి పోవును. ఆ తౌడు పాడిగేదెకు పెట్టినచో కొంత పాలలోనికి దిగి, మన పిల్లల గ్లాసులోనికే తిరిగి వచ్చును. కావున బూజుపట్టిన ధాన్యమును మంచిదానిలో కలిపి సరిపెట్టకుడు. పశువులకు, కోళ్లకు వేయకుడు. పూడ్చివేయుడు.

ఇది కష్టమైన మాటయే; కౌలు చెల్లించవలసిన రైతునకు మరీ కష్టము. అందుచేత బూజు పట్టకముందే మేలుకొనవలెను. తడిసిన పనలపై లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లినచో మొలక, బూజు కొంతవరకు ఆగును. వాన వెలియగానే పనలను గట్లపైకి చేర్చి, తిరుగవేసి ఆరబెట్టుడు. నూర్చిన ధాన్యమును కల్లములో పలుచగా పరచి తరచు కలియబెట్టుడు. రాత్రి కప్పిన పట్టాను పొద్దెక్కగానే తీయుడు. లేనిచో లోపలి చెమ్మయే ధాన్యమును తిరిగి తడుపును.

నిల్వచేయు ధాన్యములో తేమ 14 శాతము మించరాదు. కొనుగోలు కేంద్రములో 17 శాతము వరకు తీసికొందురు గదా అని ఆ తేమతోనే గాదె నింపకుడు. అమ్మకపు కొలత వేరు, నిల్వ కొలత వేరు. తేమ చూచు యంత్రము లేనివారు పొడి గాజు సీసాలో మూడవ వంతు ధాన్యము, కొన్ని చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి బాగుగ కుదిపి, పావుగంట ఉంచుడు. ఉప్పు సీసా గోడలకు అంటుకొన్నచో తేమ 15 శాతమునకు పైన ఉన్నట్లే. అంటకపోయినను ఇంకొక ఎండ పెట్టిన తరువాతనే సంచులకెత్తి, నేలకు తగులకుండ బల్లలపై, గోడకు అడుగు ఎడముగ పేర్చుకొనుడు.