వైఫై పెట్టెలోని లెక్కలు

ఒక తరగతి గదిలో ముప్పదిమంది విద్యార్థులు ఒకే వైఫై పెట్టె ద్వారా పాఠము చూచుచున్నారనుకొందము. కొందరి తెరలపై బొమ్మ మాటిమాటికి నిలిచిపోవుచున్నది. వారి ఫోన్లలో మాత్రము సంకేతమును చూపు గీతలు నిండుగానే ఉన్నవి. ఇట్టి సమయమున లోపమంతయు బయటినుండి వచ్చు ఇంటర్నెట్ లైనుదేనని తలచి, ఎక్కువ వేగముగల లైనుకు డబ్బు కట్టుట కలదు. ఆ డబ్బు వృథా కావచ్చును. లోపమెక్కడ ఉన్నదో తెలుపు లెక్కలు యాక్సెస్ పాయింట్ అను ఆ పెట్టెలోనే ఉండును.

రెండు వైపుల సంభాషణ

ఫోనులోని గీతలు, పెట్టె మాట ఫోనుకు ఎంత గట్టిగా వినబడుచున్నదో మాత్రమే తెలుపును. ఫోను మాట పెట్టెకు ఎట్లు వినబడుచున్నదో తెలుపవు. సభలో లౌడ్ స్పీకరు గల వక్త మాట చివరి వరుసకు వినబడును. చివరి వరుసలోనివాని ప్రశ్న వేదికకు వినబడదు. పెట్టెకంటె ఫోను తరచుగా తక్కువ శక్తితో ప్రసారము చేయుటచే ఇక్కడను అట్లే జరుగును. కావున పెట్టెలోని పట్టికను చూడవలెను. అందు ప్రతి సాధనమునకు ఒక వరుస ఉండును: సంకేత బలము, వేగము, పంపిన ప్యాకెట్లు, మరల పంపినవి, చేరనివి.

సంకేత బలము

బలము డీబీఎం అను కొలతలో ఉండును. 1 మిల్లీవాట్ శక్తి ఇందు 0. శక్తి పదవ వంతుకు తగ్గినపుడెల్ల 10 తీసివేయవలెను. అనగా -30 ఒక మైక్రోవాట్. -60 ఒక నానోవాట్. -80 అందులో నూరవ వంతు. పరిసరములందలి రొద -95 ఉన్నచో, -60 గల సంకేతము దానికి 35 పైన ఉండి స్పష్టముగా వినబడును. -85 గల సంకేతము 10 మాత్రమే పైన ఉండుటచే, నెమ్మదిగా మాట్లాడిననేగాని బోధపడదు.

మరల పంపుటలు

ప్యాకెట్ అందినంతనే గ్రహీత చిన్న జవాబు పంపును. జవాబు రానిచో, పంపిన సాధనము ఇంతయని నియమములేని కొద్ది వ్యవధి ఆగి మరల పంపును. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్, ఆయన సహచరులు నడిపిన అలోహా రేడియో జాలమునందు ఈ పద్ధతి ఉండెను. 1997లో వెలువడిన మొదటి వైఫై ప్రమాణమును ఇట్టి ఏర్పాటునే గైకొన్నది.

ఈ సంఖ్యలు కరెంటు మీటరువలె పెరుగుచునే పోవును. రెండుసార్లు చదివి భేదము తీయవలెను. ఉదాహరణకు, 10 గంటలకు పంపినవి 40,000, మరల పంపినవి 2,000. ఐదు నిమిషముల పిదప 44,000, 3,200 అనుకొందము. ఆ ఐదు నిమిషములలో 4,000కు 1,200, అనగా నూటికి 30! మొత్తములను భాగించినచో సుమారు 7 మాత్రమే వచ్చి లోపము దాగిపోవును.

ఒకరి ఆలస్యము అందరిది

1,500 బైట్ల ప్యాకెట్‌లో 12,000 బిట్లు ఉండును. సెకనుకు 54 మెగాబిట్ల వేగమున దానిని పంపుటకు సుమారు 222 మైక్రోసెకన్లు పట్టును. 6 మెగాబిట్ల వేగమున 2,000 పట్టును. ఒక చానలుపై సాధారణముగా ఒకసారి ఒకరే మాట్లాడవలెను. కావున దూరపు ఫోను ఒక ప్యాకెట్ పంపు కాలములో దగ్గరి ఫోను తొమ్మిది పంపగలిగెడిది. పట్టికలో వేగము తక్కువగల ఒక్క వరుస, తరగతి అంతటికిని ఆలస్యము కలిగించవచ్చును.

లోపమును గుర్తించుట

బలము, వేగము రెండును తక్కువైనచో దూరమో, గోడయో కారణము; పెట్టెను ఎత్తుగా, గది మధ్యకు మార్చవలెను. బలము బాగుండియు మరల పంపుటలు ఎక్కువైనచో పొరుగు పెట్టెలనో, మైక్రోవేవ్ ఓవెన్‌నో అనుమానించవలెను. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 1, 6, 11 చానళ్లు ఒకదానిపై నొకటి పడవు. వానిలో రద్దీ తక్కువగలదానిని ఎన్నుకొనవలెను. అన్ని వరుసలును బాగుండి పాఠము నిలిచిపోయినప్పుడే బయటి లైనును పరీక్షించుట ఉచితము.

పాఠశాల అనుమతితో, సాధనముల గుర్తింపు సంఖ్యలను మరుగుపరచి, ఉపాధ్యాయులు ఈ పట్టికను ఐదేసి నిమిషములకు ఒకసారి వ్రాయించి రేఖాపటము గీయించవచ్చును. లాగరిథములు, శాతములు విద్యార్థుల చేతికి పనిముట్లగును. కొత్త లైనుకు డబ్బు కట్టవలెనా, పెట్టెను కదిలించిన చాలునా యనునదియు తేలును.