మన ఎండకు తగిన అద్దము

ఇల్లు కట్టించునపుడు తలుపులకు, కిటికీలకు, నేలబండలకు చేయు ఆలోచనలో పదవవంతైనను అద్దమునకై చేయువారు అరుదు. ఎవరో కానుకగా ఇచ్చిన అద్దము, గోడకు మేకు ఎక్కడ ఉన్నదో అక్కడ వ్రేలాడుచుండును. కొత్తగా ఇండ్లు కట్టించుకొనువారు కొందరు బొమ్మలలో చూచి, కిటికీకి ఎదురుగా గోడ నిండ అద్దము పెట్టించుచున్నారు. కర్నూలు, కడప ప్రాంతముల ఎండకు ఈ రెండు పద్ధతులును తగినవి కావు.

కిటికీకి ఎదురుగా అద్దములు నిలుపుటకు ప్రసిద్ధమైన ఉదాహరణము ఫ్రాన్సులోని వెర్సాయి రాజభవనము. అందు 1684లో పూర్తియైన అద్దాల మందిరమున తోటవైపు 17 కిటికీలు, వానికి ఎదురుగా 17 తోరణములు, ఆ తోరణములలో 357 అద్దములు కలవు. చలిదేశమున లోనికి వచ్చిన ప్రతి కిరణమును నిలుపుకొనవలెననుట సహజమే. మనకు ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటును. పడమటి కిటికీనుండి వచ్చు సాయంకాలపు ఏటవాలు ఎండ అద్దముపై పడినచో, నీడను వెదకి కూర్చున్నవాని కంటికే మరల తగులును.

మన పెద్దలు ఈ ఎండను ఎరిగియే ఇండ్లు కట్టిరి. మందమైన రాతిగోడలు, దూలములు, దంతెలు పరచి చౌడుమట్టి వేసిన మిద్దె, చిన్న కిటికీలు, నట్టింటి కప్పులో ఒక గవాచి. వేడి రాకుండుటకై వెలుతురును తగ్గించుకొనిరి. దానికితోడు నేలకు పరచిన కడపబండ నల్లనిదగుటచే ఉన్న వెలుతురును మ్రింగును. ఇట్టి ఇంటిలో కిటికీని పెద్దది చేయకయే గదిని కొంత వెలిగింపగలది అద్దము.

అయితే అద్దము వెలుతురును పుట్టింపదు. తనపై పడినదానిని మళ్లించును. కావున కొనుటకు ముందే, ఆ చోట అది దేనిని చూపునో తెలిసికొనవలెను. దీనికి సులభమైన పరీక్ష కలదు. ఒకరు చిన్న చేయద్దమును గోడకు ఆనించి పట్టుకొనవలెను. మరొకరు ఎప్పుడును కూర్చుండు చోట కూర్చుండి చూడవలెను. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మూడు పూటలును చూచినచో సంగతి తేలును. సున్నము కొట్టిన తెల్లగోడ గాని, ఉత్తరపు కిటికీలోని ఆకాశము గాని కనబడినచో ఆ చోటు మంచిది. సూర్యుడే కనబడినచో మరొక చోటు వెదకవలెను. నట్టింటిలో గవాచి వెలుతురు పడు తెల్లగోడకు ఎదురుగా ఉన్న గోడ మిక్కిలి అనువైనది.

పడకగదిలో నిలువుటద్దము వేరొక పనికి. మనిషి నిలువెల్ల కనబడుటకు మనిషియంత అద్దము అక్కరలేదు. ఎత్తులో సగము చాలును. అయిదున్నర అడుగుల వానికి 2 అడుగుల 9 అంగుళములు సరిపోవును. దూరముగా నిలిచినను, దగ్గరగా నిలిచినను ఈ లెక్క మారదు. పొట్టివారు, పొడుగువారు ఉన్న ఇంటిలో మూడున్నర అడుగుల అద్దమును, క్రింది అంచు నేలకు 26 అంగుళముల ఎత్తున ఉండునట్లు తగిలించినచో, 4 అడుగుల 10 అంగుళములవారు మొదలు 5 అడుగుల 8 అంగుళములవారి వరకు అందరికిని చాలును. దీనిని కిటికీ ప్రక్కన పెట్టవలెను. అప్పుడు వెలుతురు చూచుకొనువారి ముఖముపై పడును.

స్నానాల గదిలోని చిక్కు నీటితో వచ్చును. మన కాళ్లక్రింది కడపబండ సున్నపురాయియే. అట్టి నేలలోని బోరునీటిలో సున్నము కరిగియుండును. చినుకు ఆరినచోట తెల్లని మచ్చ మిగులును. ఏనాటి తడిని ఆనాడే పొడిగుడ్డతో తుడిచినచో మచ్చ కట్టదు. కట్టినదానిని నిమ్మరసము కరిగించును గాని, అది అంచులగుండ వెనుకకు దిగనీయరాదు. అద్దము వెనుక పూతను మనవారు నేటికిని రసమనియే అందురు. పూర్వము తగరమును పాదరసముతో కలిపి గాజునకు పట్టించెడివారు. 1835లో జర్మనీ శాస్త్రజ్ఞుడు లీబిగ్ గాజుపై వెండిని పేరుకొనజేయు మార్గము కనిపెట్టిన తరువాత ఆ పద్ధతి క్రమముగా వెనుకబడెను. ఏ పూతయైనను తేమ చేరినచో అంచునుండియే చెడును.

గడ్డము గీసికొనుటకు వాడు, ముఖమును పెద్దదిగా చూపు లోతు అద్దమును ఎండ తగులు చోట ఉంచరాదు. అది కిరణములను ఒకచోట కూర్చి గుడ్డను, కాగితమును అంటింపగలదు.

కొనునపుడు అద్దములో కనబడు ద్వారబంధమును చూచుచు తలను మెల్లగా ప్రక్కకు కదల్పవలెను. నిలువుగీత వంకరలు పోయినచో గాజు సమముగా లేదన్నమాట. బరువునుగూడ మరువరాదు. 5 మిల్లీమీటర్ల మందము గల గాజు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్నచో చట్రము గాక 9 కిలోలకు పైగా తూగును. మట్టి అడుసుతో కట్టిన పాతగోడలో ఒంటి మేకు దానిని మోయలేదు. రాతి సందున బిగించిన రెండు కొయ్యమేకులపై నిలుపుట క్షేమకరము.

ఇంతకును, ఇరుకు గదిలో గోడనిండు అద్దమునకు పెట్టు వ్యయముతో గోడలకు రెండు పూతలు తెల్లసున్నము వేయింపవచ్చును. ఆ తెల్లదనమునకు ఎదురుగా చిన్న అద్దమొకటి నిలిపినచో, ఎండను బయటనే ఉంచి వెలుతురును మాత్రము ఇంటిలోనికి పిలుచుకొన్నట్లగును.