నిద్ర: విశ్వాసంలో ఒక భాగం

మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల క్రైస్తవులకు రాత్రంతా మేల్కొని చేసే జాగరణ ప్రార్థన సుపరిచితమే అయినా, బైబిలు నిద్రకు ఇచ్చిన గౌరవం అంతగా చర్చకు రాదు.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో, ప్రాణభయంతో పారిపోయి చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత మందలించడు. నిప్పులపై కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినిపించాకే ప్రయాణానికి సిద్ధం చేస్తాడు. మితిమీరిన కష్టం వ్యర్థమనీ, నిద్ర దేవుని వరమనీ 127వ కీర్తన చెబుతుంది. సామెతల గ్రంథం మాత్రం సోమరి నిద్రను గట్టిగా హెచ్చరిస్తుంది.

వైద్యశాస్త్రం పెద్దలకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరమంటుంది. వెలుగు చీకట్లను బట్టి నిద్రమెలకువలను నడిపే శరీర అంతర్గత వ్యవస్థను జీవగడియారం అంటారు. భూపాలపల్లి సింగరేణి గనుల్లో రాత్రి షిఫ్టు చేసేవారికి ఇది తారుమారవుతుంది కనుక, పగలు కిటికీలకు తెరలు దించి, ఇంట్లో టీవీ చప్పుడు తగ్గించడం తప్పనిసరి. విశ్రాంతిదిన ఆజ్ఞ పనివారికీ పశువులకూ వర్తించినట్లే, అలసినవారి నిద్రను కాపాడటం కూడా క్రైస్తవ కుటుంబ ధర్మమే.