మాఘమాసం.. తాబేళ్ల తీర్థం

నరసాపురం: మాఘ శుద్ధ సప్తమి వచ్చిందంటే మాధవాయిపాలెం రేవులో పంటు మీద నిలబడేందుకు జాగా దొరకదు. వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి చేరి, అక్కడి నుంచి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి తీర్థానికి వెళ్లే జనంతో రేవు కిక్కిరిసిపోతుంది. వంతెన మాట దశాబ్దాలుగా వింటున్నదే గానీ ఇప్పటికీ పంటే దిక్కు. వాహనాల వారు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వస్తారు. దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథోత్సవం, పౌర్ణమి నాడు సముద్రస్నానాలు. సరిగ్గా ఈ రోజుల్లోనే, జనం సద్దుమణిగిన అర్ధరాత్రి వేళ, సముద్రం వైపు నుంచి కూడా కొన్ని ప్రాణులు ఈ ఒడ్డుకు యాత్ర చేస్తాయి. అవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. తీర్థానికి ఏటా వచ్చే భక్తుల్లోనూ వాటిని కళ్లారా చూసినవారు అరుదు.

వలస జీవుల రాకను పండుగలా జరుపుకొనే ఊళ్లు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని హెర్మనస్ పట్టణంలో ఏటా తిమింగలాల ఉత్సవం నిర్వహిస్తారు. అంటార్కిటికా వైపు చలి నీళ్ల నుంచి పిల్లలను కనేందుకు వచ్చే తిమింగలాలు అక్కడ ఒడ్డు నుంచే కనిపిస్తాయి. అవి వచ్చాయని బూర ఊది చాటేందుకు ఆ ఊళ్లో ఓ మనిషినే నియమించుకున్నారు. మన రాష్ట్రంలో సూళ్లూరుపేట పక్షుల పండుగ అలాంటిదే. పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసల పేరిట 2001లో మొదలైంది. కొన్నేళ్లు ఆగిపోయి, 2025 జనవరిలో మళ్లీ జరిగింది.

గోదావరి తీరాన తిమింగలాలు ఒడ్డుకు కనిపించేంత దగ్గరగా రావు. మన రాష్ట్రంలో తిమింగలాన్ని చూశామంటే చాలావరకు కళేబరం కొట్టుకొచ్చిందనే అర్థం. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి చేరిన నీలి తిమింగలాన్ని చూసేందుకు జనం ఎగబడ్డారు. తాబేలు సంగతి వేరు. అది ప్రాణంతో, పని మీద మన దగ్గరికి వస్తుంది.

మూరెడు లోతున నూరు గుడ్లు

జనవరి నుంచి మార్చి వరకు ఆడ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. వెనుక కాళ్లతో ఇసుకను మూరెడు లోతు తోడి, వంద నుంచి నూట ఇరవై దాకా గుడ్లు పెడతాయి. గుంత పూడ్చి, ఆనవాలు తెలియకుండా ఇసుక చల్లి, తెల్లవారకముందే నీళ్లలోకి వెళ్లిపోతాయి. తిరిగి చూడవు. ఆ తర్వాత 45 నుంచి 60 రోజుల పాటు గుడ్లను పొదిగేది ఇసుక వేడిమే. పుట్టేది ఆడో మగో తేల్చేది కూడా ఆ వేడే. ఇసుక చల్లగా ఉంటే మగ పిల్లలు, వేడెక్కితే ఆడ పిల్లలు ఎక్కువగా వస్తాయి. సముద్రం చేరిన పిల్లల్లో పెరిగి పెద్దయ్యేది వెయ్యికి ఒక్కటేనని శాస్త్రవేత్తల అంచనా. ఆ ఒక్కటీ గుడ్లు పెట్టే వయసుకు రావాలంటే పదేళ్లకు పైగా పడుతుంది.

వీటి ప్రయాణం ఎంత దూరమో ఒక తాబేలు చెప్పింది. 2021లో ఒడిశా తీరంలో రెక్కకు లోహపు బిళ్ల తగిలించి వదిలిన తాబేలు, 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరాన గుడ్లు పెడుతూ కనిపించింది. శ్రీలంకను చుట్టి వెళ్లి ఉంటే అది ఈదిన దూరం మూడున్నర వేల కిలోమీటర్ల పైమాటే. ఒడిశాలోని రుషికుల్య ముఖద్వారం వద్ద 2025లో సుమారు ఏడు లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. మన తీరంలో అంత సామూహికంగా రావు. హోప్ ఐలాండ్ నుంచి అంతర్వేది వరకు ఇక్కడొకటి, అక్కడొకటిగా ఒడ్డెక్కుతాయి. అందుకే మన కంట పడవు. పడకపోవడం వల్లే ప్రమాదం కూడా.

పౌర్ణమి నాడు వేల పాదాలు తొక్కే ఇసుకలో, నాలుగు రోజుల క్రితం పెట్టిన గుడ్లు ఉండవచ్చు. మనిషి అడుగు కన్నా వాహనం చక్రం చేసే చేటు ఎక్కువ. అది ఇసుకను గట్టిపరిస్తే పిల్లలు పైకి రాలేవు. దీపాలది మరో చిక్కు. గుడ్డు నుంచి వెలువడిన పిల్ల వెలుతురున్న దిక్కుకే పోతుంది. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రపు నీటిది. ఒడ్డున ఫ్లడ్‌లైట్లు, రొయ్యల చెరువుల గట్ల మీద దీపాలు వెలుగుతుంటే పిల్లలు అటు నడిచి కుక్కల పాలవుతాయి, లేదా పొద్దెక్కాక ఎండిపోతాయి.

చంపేది వల

అయితే తీర్థం పది రోజులదే. ఎక్కువ ప్రాణాలు తీసేది ట్రాలు వల. తాబేలు నీళ్లలో బతికినా గాలి పీల్చుకునేందుకు పైకి రావాల్సిందే. గంటల తరబడి అడుగున లాగే వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వెయ్యికి పైగా తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి.

రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకే వదిలిపెట్టాలని, మరబోట్లు ఆవలే వేటాడాలని 1994 నాటి సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం కింద నిబంధన ఉంది. అది సక్రమంగా అమలైతే తాబేలుకే కాదు, నాటు పడవల మత్స్యకారుడికీ మేలు. మరబోట్లు దగ్గరికొస్తే తెగిపోయేది అతని వలలే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నా అది చేపల సంతానోత్పత్తిని దృష్టిలో పెట్టుకున్నది. తాబేళ్లు ఒడ్డుకు వచ్చే కాలం అప్పటికే దాటిపోతుంది. ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్య ముఖద్వారాల వద్ద నవంబరు 1 నుంచి మే 31 వరకు వేటను ఆపుతారు. వశిష్ఠ సాగర సంగమం వద్ద కనీసం రెండు నెలలైనా అలాంటి ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు.

వలలో చిక్కిన తాబేలు బయటపడేందుకు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఒక పరికరం రూపొందించింది. వల గొట్టంలో అమర్చే లోహపు చట్రం అది. రొయ్యలు చట్రం సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు దానికి తగిలి పైనున్న కిటికీ గుండా తప్పించుకుంటుంది. దానితోపాటు కొంత సరకూ పోతుందని బోట్ల వారి అభ్యంతరం. ఈ పరికరం వాడని దేశాల నుంచి, సముద్రంలో పట్టిన రొయ్యలను కొనబోమని అమెరికా 1996లోనే పట్టుపట్టింది. భారత్ సహా నాలుగు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 2019లో మన సముద్రపు రొయ్యలకు మళ్లీ అదే ఆటంకం ఎదురైంది. చెరువుల్లో పెంచే రొయ్యకు ఈ షరతు వర్తించదు కనుక డెల్టా రైతులకు ఆ సెగ తగల్లేదు. సుంకాల బాధ వేరే సంగతి.

తీర్థానికి వెళ్లేవారికి

తాబేలును కూర్మావతారంగా భావించి, వలలో పడితే పసుపు కుంకుమ పెట్టి వదిలిపెట్టే ఆచారం తీరంలోని మత్స్యకార కుటుంబాల్లో ఉంది. గుజరాత్‌లో ఇలాంటి నమ్మకమే ఓ జీవిని కాపాడింది. ఒకప్పుడు నూనె కోసం వేటాడిన తిమింగల సొరను 2001లో రక్షిత జాబితాలో చేర్చారు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డగా చూడాలని 2004 నుంచి మొరారీ బాపు ప్రచారం చేశారు. ఆ తర్వాత జాలర్లే తమ వలలు కోసి దాన్ని విడిచిపెట్టడం మొదలుపెట్టారు.

అన్నాచెల్లెళ్ల గట్టు వద్ద సంగమాన్ని చూసేందుకు వెళ్లేవారు ఇసుక మీదికి వాహనాలు దింపవద్దు. ట్రాక్టరు చక్రాల జాడలా నీళ్ల నుంచి పైకి వచ్చి, మళ్లీ నీళ్లలోకే వెళ్లిన చార కనిపిస్తే దాని కొసన గుడ్లు ఉన్నట్లే. తవ్వకుండా, తొక్కకుండా అటవీ సిబ్బందికి చెప్పాలి. రాత్రి తాబేలు ఎదురైతే టార్చి, సెల్‌ఫోన్ వెలుగు వేయరాదు. బెదిరితే గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జీవి. చంపినా, గుడ్లు తీసినా మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు తప్పదు. మాఘ పౌర్ణమికి పెట్టిన గుడ్లు మార్చి నెలాఖరు, ఏప్రిల్ మొదట్లో పిల్లలవుతాయి. అప్పటికి తీర్థం దుకాణాలు ఎత్తేసి, రథం షెడ్డుకు చేరి, తీరం ఖాళీగా ఉంటుంది.