గ్రామాభివృద్ధి కమిటీ

గ్రామాభివృద్ధి కమిటీ అనేది ఉత్తర తెలంగాణ పల్లెలలో గ్రామ పంచాయతీకి సమాంతరంగా పనిచేసే అనధికార సంఘం. దీనిని వాడుకలో వీడీసీ అని, కొన్ని చోట్ల సర్వసమాజ్ కమిటీ అని వ్యవహరిస్తారు. జగిత్యాల జిల్లాలోని మెట్‌పల్లి, కోరుట్ల, ఇబ్రహీంపట్నం, మల్లాపూర్, కథలాపూర్ మండలాలలోను, వాటికి పడమర నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలలోను, గోదావరికి ఆవల నిర్మల్ జిల్లాలోను ఈ కమిటీలు బలంగా ఉన్నాయి. మెట్‌పల్లి పట్టణానికి పురపాలక సంఘం ఉన్నది. ఈ వ్యాసం ప్రధానంగా దాని చుట్టుపక్కల పల్లెలలోని కమిటీలకు సంబంధించినది.

పంచాయతీకి రాజ్యాంగంలో స్థానం కలదు. కమిటీకి ఏ చట్టంలోను స్థానం లేదు. అయినా ఊరి విషయంలో ఎవరి మాట చెల్లుతుంది అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో చాలామంది సర్పంచి పేరుకు ముందు కమిటీ పేరే చెబుతారు.

నిర్మాణం

కమిటీకి ఎన్నికలు, ఓటర్ల జాబితా, నిర్ణీత పదవీకాలం ఉండవు. ఊరిలోని ప్రతి కులసంఘం తన తరఫున ఒకరినో ఇద్దరినో పంపుతుంది. ఇలా వచ్చినవారు తమలో ఒకరిని అధ్యక్షునిగా ఎన్నుకొంటారు. కమిటీ ఏటేటా మారడం ఆనవాయితీ. అన్ని కులాలకు చోటు ఉన్నదని చెప్పుకొన్నా, భూమి, సంఖ్యాబలం ఉన్న కులాల మాటే సాధారణంగా నెగ్గుతుంది. స్త్రీలకు ఇందులో దాదాపుగా ప్రవేశం లేదు. సమావేశం చావడి వద్దనో, గుడి ముందో, కమిటీ సొంత భవనంలోనో జరుగుతుంది. నిర్ణయాన్ని డప్పు చాటింపుతో ఊరికి తెలియజేస్తారు.

నేపథ్యం

నిజాం పాలన నుండి వచ్చిన పటేల్, పట్వారీ వ్యవస్థలో ఊరి తగవులు, వసూళ్లు, వెట్టి అన్నీ ఒకరిద్దరు దొరల చేతిలో ఉండేవి. 1970లలో కరీంనగర్ జిల్లాలో రైతుకూలీ ఉద్యమాలు బలపడ్డాయి. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో పెద్ద ప్రదర్శన జరిగింది. దీనినే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. ఆ కాలంలో ఊళ్లు దొరలను సాంఘికంగా బహిష్కరించాయి. చాకలి, మంగలి, పాలేరు ఎవరూ దొర గడప తొక్కకూడదని కట్టుబాటు చేసుకొన్నారు. అదే సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది.

దొర వెళ్లిన చోటును పంచాయతీ పూర్తిగా నింపలేకపోయింది. చేతిలో సొమ్ము లేదు, పై అనుమతి లేనిదే పని జరగదు. ఉమ్మడి పనులు చూసే బాధ్యత కులసంఘాల కలయిక అయిన కమిటీల వైపు జరిగింది. బలవంతుని మెడలు వంచడానికి ఒకనాడు ఊరు వాడుకొన్న బహిష్కరణ అనే ఆయుధం కూడా కమిటీల చేతికే వచ్చింది. తరువాత అది ఎక్కువగా బలహీనుల మీదనే ప్రయోగింపబడడం ఈ చరిత్రలోని విషాదం.

ఆదాయం

కమిటీ ఆదాయంలో కొంత ఇంటింటి చందా. గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారు గుడికో, బడికో పంపే విరాళాలు మరికొంత. అయితే ప్రధాన ఆదాయం వేలం పాటల ద్వారా వస్తుంది. ఊరిలో మద్యం అమ్ముకొనే హక్కును, అనగా బెల్టు షాపును, ఏడాదికి గంపగుత్తగా పాట పెడతారు. లైసెన్సు లేని మద్యం అమ్మకం ఆబ్కారీ చట్టం ప్రకారం నేరం. కనుక ఇక్కడ వేలం వేసేది ఒక నేరం చేసుకొనే హక్కునే. పాట పాడుకొన్నవాడు ఆ సొమ్మును సీసా ధరపై కలిపి తాగేవాని వద్ద రాబట్టుకొంటాడు. కొన్ని గ్రామాలలో కోడిమాంసం దుకాణం, కిరాణా దుకాణం, వాగులోని ఇసుక కూడా వేలానికి వస్తాయి. కల్లుగీత కార్మికుల నుండి ఏటా ఇంత అని వసూలు చేయడం మరో పద్ధతి. కట్టుబాటు తప్పినవారిపై వేసే జరిమానా కూడా కమిటీ సొమ్మే. దీనిని పల్లెలలో దండుగ అంటారు.

రాజ్యాంగంలోని 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు. గ్రామ పంచాయతీ సైతం చట్టం చెప్పిన పన్నులే వేయగలదు. పంచాయతీ లెక్కలను ప్రభుత్వ ఆడిట్ శాఖ తనిఖీ చేస్తుంది. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఎవరైనా వాటిని అడగవచ్చు. కమిటీ లెక్కలకు ఇవేవీ వర్తించవు. కొన్ని గ్రామాలలో జమాఖర్చులను ఊరి ముందు చదివి వినిపించే మంచి అలవాటు ఉన్నది. చదవని చోట అడిగే మార్గం లేదు.

చేసే పనులు

కమిటీలు చేసిన మేలును తక్కువ చేయరాదు. బడికి ప్రహరీ, అదనపు గదులు, విద్యా వాలంటీర్ల జీతం, మంచినీటి శుద్ధి యంత్రం, చెరువు కాలువల మరమ్మత్తు, కోతుల బెడద తీర్చడానికి కోతులు పట్టేవారిని రప్పించడం వంటివి ఈ సొమ్ముతో జరుగుతుంటాయి. పోచమ్మ బోనాలు, బొడ్రాయి ప్రతిష్ఠ, గుడుల నిర్మాణం సరేసరి. మెట్‌పల్లి మీదుగా వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారిపైనే, ఆర్మూరు దాటిన తరువాత ఉన్న అంకాపూర్ గ్రామాన్ని ఇందుకు ఉదాహరణగా చూపుతారు. విత్తనోత్పత్తికి, పచ్చి మక్క కంకుల వ్యాపారానికి పేరుపొందిన ఆ ఊరి ప్రగతిలో దాని కమిటీకి పెద్ద పాత్ర ఉన్నది.

సాంఘిక బహిష్కరణ

అడిగిన సొమ్ము కట్టనివారిపై, కమిటీ తీర్పును కాదని పోలీసు స్టేషనుకో కోర్టుకో వెళ్లినవారిపై కమిటీ బహిష్కరణ ప్రకటిస్తుంది. ఒక్కోసారి ఇది ఒక కుటుంబానికి, మరోసారి ఒక కులం మొత్తానికి వర్తిస్తుంది. ఆ ఇంటివారితో ఎవరూ మాట్లాడరాదు. కిరాణా సరుకులు ఇవ్వరాదు. వారిని కూలికి పిలువరాదు, వారి పొలానికి కూలికి పోరాదు, ట్రాక్టరు పంపరాదు, ఆటోలో ఎక్కించుకోరాదు. పెళ్లికి, చావుకు వెళ్లరాదు. ఆజ్ఞ మీరినవారికి కూడా దండుగ పడుతుంది. ఈ చివరి నిబంధనే బహిష్కరణకు ప్రాణం. ఇరుగుపొరుగుకు ఆ కుటుంబంపై ఏ కోపమూ లేకపోయినా జరిమానాకు భయపడి మొహం తిప్పుకొంటారు.

ఎక్కువగా బాధితులయ్యేవారు గౌడులు, దళితులు. గీత కార్మికులు అడిగినంత చెల్లించలేమన్నప్పుడు వారి కల్లు ఎవరూ తాగరాదని చాటింపు వేస్తారు. ఈత, తాటి కల్లు నిలువ ఉండే సరుకు కాదు. ఉదయం దించిన కల్లు మరునాటికి పులిసి పనికిరాదు, చెట్టును గీయడం ఆపితే పారుదల ఆగిపోతుంది. అందుకే కొద్ది రోజుల బహిష్కరణ కూడా గీత కుటుంబాన్ని ఆ సీజనంతా దెబ్బతీస్తుంది. దళితుల విషయంలో తగవు చాలా సార్లు భూమి చుట్టూ, గుడి చుట్టూ, డప్పు కొట్టడానికి నిరాకరించడం చుట్టూ తిరుగుతుంది.

చట్టం

షెడ్యూల్డు కులాలు, తెగల (అత్యాచారాల నిరోధక) చట్టం, 1989కి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా పేర్కొన్నది. ఈ సవరణ 2016 జనవరి 26 నుండి అమలులోకి వచ్చింది. అయితే గౌడులు వెనుకబడిన తరగతులకు చెందినవారు కావున వారికి ఈ చట్టం వర్తించదు. బలవంతపు వసూలు, బెదిరింపు వంటి సాధారణ నేరాల కిందనే వారు ఫిర్యాదు చేయవలసి ఉంటుంది. ఆచరణలో పోలీసులు ముందుగా ఇరువర్గాలను పిలిచి రాజీ కుదర్చడం, లేదా కమిటీ సభ్యులను తహసీల్దారు ఎదుట బైండోవర్ చేయడం జరుగుతుంది.

పొరుగున ఉన్న మహారాష్ట్ర కులంతో నిమిత్తం లేకుండా సాంఘిక బహిష్కరణను శిక్షించే ప్రత్యేక చట్టాన్ని 2016లో చేసింది, అది 2017లో అమలులోకి వచ్చింది. తమిళనాడులోని కట్ట పంచాయతీలు, హర్యానా వైపు ఖాప్ పంచాయతీలు చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో ఆరుముగం సర్వై కేసులో స్పష్టం చేసింది.

పంచాయతీతో సంబంధం

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం గ్రామసభ కనీసం రెండు నెలలకొకసారి జరగాలి. పారిశుద్ధ్యం, వీధిదీపాలు, మొక్కల పెంపకం, పనులు–సంతలు అనే నాలుగు విషయాలకు స్థాయీ సంఘాలుండాలి. అనగా కమిటీ చేసే పనులలో చాలా భాగానికి చట్టబద్ధమైన వేదిక ఇప్పటికే ఉన్నది. సర్పంచి ఎన్నికకు ముందు అభ్యర్థిని కమిటీయే నిర్ణయించడం, కొన్ని చోట్ల పదవిని వేలం వేయడం కూడా జరుగుతున్నాయి. వేలం చట్టవిరుద్ధమని రాష్ట్ర ఎన్నికల సంఘం హెచ్చరిస్తూ వస్తున్నది.

2019 జనవరిలో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. తరువాత సుమారు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గాలు లేనందున కేంద్ర ఆర్థిక సంఘం నిధులు నిలిచిపోయాయి. ఒక్కొక్క అధికారి చేతిలో పలు గ్రామాలుండగా, ఊరి తరఫున మాట్లాడేది కమిటీ ఒక్కటే అయింది. 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. పంచాయతీ పదవులలో సగం స్త్రీలకు కేటాయింపబడ్డాయి. సర్పంచి కుర్చీలో స్త్రీ కూర్చున్న ఊరిలో సైతం కమిటీ సమావేశం పురుషులతోనే నడవడం ఈ ప్రాంతంలో అరుదైన సంగతి కాదు.