బాగున్నారా అని అడిగిన క్యాసెట్టు



ఆదివారం ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెప్పడం మా సేవకులకు అలవాటు. "బాగున్నారా అమ్మా?" అని అడుగుతాం. "బాగున్నామండి అయ్యగారూ" అంటారు. వెంటనే వెనుకనున్నవారి వైపు తిరుగుతాం. కొన్నేళ్ల క్రితం ఒక తల్లి మాత్రం ఆ ప్రశ్నకు బదులు చెప్పలేక కొంగుతో ముఖం కప్పుకున్నది. డిగ్రీ చదువుతున్న ఆమె కుమారునికి నెల రోజులుగా నిద్ర లేదు. తనలో తానే మాట్లాడుకుంటున్నాడు. పట్నంలో డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. "విశ్వాసముంటే మాత్రలెందుకమ్మా? ఉపవాసముండి ప్రార్థిద్దాం" అన్నాను. ఆ మాట ఎంత పొరపాటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా పొరపాటును నాకు చూపినది ఒక పాటల క్యాసెట్టు కథ. హైదరాబాదులో చదువుకున్న మా అన్నగారి అబ్బాయి దానిని నాకు పరిచయం చేశాడు. ఆ క్యాసెట్టు పేరు "హాయ్, హౌ ఆర్ యూ". అంటే గుమ్మం దగ్గర మనమడిగే ప్రశ్నే: బాగున్నారా?

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 1983 సెప్టెంబరులో డేనియల్ జాన్‌స్టన్ అనే 22 ఏళ్ల యువకుడు దానిని ఒంటరిగా తయారుచేశాడు. స్టూడియో లేదు, వాయిద్య బృందం లేదు. సామాన్యమైన టేపు రికార్డరు, బొమ్మలాంటి చిన్న ఆర్గాను, తన గొంతు. మనం రేడియో టేపులో ఎర్ర బొత్తాం నొక్కి పిల్లల మాటలు పట్టుకున్నట్టుగానే ఉంటుంది. పాట వెనుక టేపు బుసబుసలాడుతుంది. గొంతు సన్నగా వణుకుతుంది, శ్రుతి తప్పుతుంది. మన గాయక బృందంలోనైతే ఆ గొంతుకు చోటు దొరికేది కాదు. అయినను వినేవారికి ఒక సంగతి తెలుస్తుంది: ఈ మనిషి ఏమీ దాచుకోవడం లేదు. అట్ట మీద పొడవాటి కాడలపై కళ్లున్న కప్ప బొమ్మను కూడ అతడే గీశాడు. దానికి పెట్టిన పేరు మన ప్రవక్త పేరే, యిర్మీయా.

డేనియల్ 1961లో జన్మించాడు. ఐదుగురు పిల్లల్లో కడపటివాడు. వెస్ట్ వర్జీనియాలో, చర్చ్ ఆఫ్ క్రైస్ట్ సంఘానికి చెందిన భక్తిగల కుటుంబంలో పెరిగాడు. ఇంటి నేలమాళిగలో పియానో ముందు కూర్చుండి టేపులో పాటలు నింపేవాడు. తొలి రోజుల్లో ఒక క్యాసెట్టు నుండి మరొకటి చేసుకునే సాధనం అతనికి లేదు. ఎవరైనా కావాలంటే ఆ పాటలన్నీ మొదటినుండి మళ్లీ పాడి, కొత్త క్యాసెట్టు నింపి ఇచ్చేవాడు.

తరువాత ఆస్టిన్ నగరం చేరి మెక్‌డొనాల్డ్స్‌లో బల్లలు తుడిచే పనికి కుదిరాడు. దారిలో కనబడినవారికి తన క్యాసెట్లు ఊరకనే పంచేవాడు. 1985లో ఎమ్‌టీవీలో కనిపించాడు. 1992లో కర్ట్ కోబేన్ అనే పేరుగాంచిన గాయకుడు ఆ కప్ప బొమ్మ ఉన్న చొక్కా ధరించడంతో లోకమంతా ఎవరీ డేనియల్ అని అడిగింది.

అయితే ఆ పేరు వచ్చేనాటికే అతడు ఆసుపత్రుల పాలయ్యాడు. అతనికున్నది బైపోలార్ అనే మానసిక వ్యాధి. కొన్నాళ్లు అంతులేని ఉత్సాహం, కొన్నాళ్లు లేవలేని కుంగుబాటు. మాదకద్రవ్యం దానిని ఇంకా ముదిరేలా చేసింది. సాతాను తనను, లోకాన్ని పట్టుకున్నాడని భయపడేవాడు. ఒకసారి దయ్యాన్ని వెళ్లగొట్టాలని ఒక వృద్ధురాలి ఇంట్లోకి జొరబడ్డాడు. ఆమె భయపడి కిటికీలోనుండి దూకి గాయపడింది. 1990లో ఆస్టిన్‌లో పాడి, తండ్రి నడిపే రెండు సీట్ల విమానంలో ఇంటికి వస్తూ, ఆకాశంలోనే తాళంచెవి లాగి బయటికి విసిరేశాడు. తండ్రి రెండవ ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు గనుక చెట్ల మీదికి దించగలిగాడు. విమానం నుజ్జయింది గాని ఇద్దరూ చిన్న గాయాలతో బయటపడ్డారు.

ఈ తండ్రి ఆ తరువాత ఏమి చేశాడో ఆలోచించండి. కొడుకును వెళ్లగొట్టలేదు. "వీడికి దయ్యం పట్టింది" అని గొలుసు వేయలేదు. ఆసుపత్రిలో చేర్చాడు. టెక్సాస్‌లోని వాలర్ అనే చిన్న ఊరిలో తల్లిదండ్రులిద్దరూ ముసలితనంలోను అతణ్ణి కనిపెట్టుకొని ఉన్నారు. ప్రార్థన మానలేదు, మందులూ మాన్పించలేదు. డేనియల్ పాటలు రాస్తూ, బొమ్మలు గీస్తూ 58 ఏళ్లు బ్రతికి, 2019 సెప్టెంబరులో కన్నుమూశాడు.

సౌలు రాజు మనస్సు కలతచెందినప్పుడు దావీదు సితారా వాయించాడని చదువుతాం. ఈ క్యాసెట్టులో కలతచెందినవాడూ వాయించినవాడూ ఒక్కడే. ఆ పాట అతనికి కొంత ఊరటనిచ్చి ఉండవచ్చు గాని రోగాన్ని మాన్పలేదు. అందుకే మందు కావలసి వచ్చింది, ఇల్లు కావలసి వచ్చింది. అతని పాటలన్నీ మీ ఇళ్లల్లో వినమని నేను చెప్పడం లేదు. ఆ తల్లిదండ్రులను చూడమంటున్నాను. చక్కెర వ్యాధికి మాత్ర మింగితే విశ్వాసం తగ్గిందని మనమెవరినీ అనం. మనస్సుకు వచ్చిన వ్యాధికి మాత్రం ఎందుకంటాం? పౌలుతో ప్రయాణించిన లూకా వైద్యుడే గదా!

నా మాట విని ఆ తల్లి మాత్రలు ఆపింది. మూడవ వారంలో అబ్బాయి రాత్రివేళ ఇల్లు విడిచి వెళ్లాడు. నాలుగు రోజులకు ఒక రైల్వే స్టేషనులో దొరికాడు. నేను ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. మరునాడు ముగ్గురం కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఇప్పుడు మాత్రలు వాడుతున్నాడు. కొన్ని ఆదివారాలు గుడికి వస్తాడు, కొన్ని ఆదివారాలు రాలేడు. వచ్చిన రోజున కంజిర అతని చేతికే ఇస్తాం. తాళం తప్పినా ఎవరూ వెనుదిరిగి చూడరు.

2018లో డేనియల్ క్యాసెట్టు పేరుతోనే ఆస్టిన్‌లో ఒక సేవాసంస్థ మొదలైంది. అతని పుట్టినరోజైన జనవరి 22న ఒకరినొకరు "బాగున్నారా" అని నిజముగా అడగాలని అది ప్రోత్సహిస్తుంది. మనకు ప్రతి ఆదివారం ఆ తరుణమున్నది. ఆ క్యాసెట్టుకు డేనియల్ పెట్టిన ఉపశీర్షిక "అసంపూర్తి ఆల్బమ్". మన ప్రశ్న కూడ బదులు వినేవరకు అసంపూర్తే. ఈ వారం మీ వరుసలో ఎవరు రాలేదో చూడండి. వారి ఇంటికి వెళ్లండి. బాగున్నారా అని అడిగి, కూర్చోండి.